మౌనసభలో షెరీఫ్

కెజయా హాడ్లీ ఆ షెరీఫ్‌తో అన్న మొదటి మాట, తుపాకీ గేటు దగ్గర వదిలి లోపలికి రమ్మని.

ఆంబ్రోస్ టాలీ గుర్రం దిగకుండా ఆమెను తేరిపార చూశాడు. కాన్సాస్‌లోని ఆ జిల్లాలో అంతవరకు అతణ్ణి తుపాకీ దింపమన్నవాళ్లు దొంగలు మాత్రమే. ఇప్పుడు అడుగుతున్నది బూడిదరంగు గౌను తొడుక్కున్న ఒక స్త్రీ, ఆయుధం ముట్టని క్వేకరు క్రైస్తవ శాఖ మనిషి. తండ్రి పోయినప్పటి నుంచి ఆ పశువుల రాంచ్‌ను ఒక్కతే నడుపుకొస్తున్న మనిషి.

"గేటుకి తగిలిస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడండీ."

"పోతే వెతుక్కో. నీ ఉద్యోగం అదేగా."

క్వేకర్లు గవర్నరునైనా నువ్వనే పిలుస్తారని అతనికి తర్వాత ఎవరో చెప్పారు. ఆ పూటకు మాత్రం నోరు మూసుకుని నడుముకున్న తుపాకీ పట్టీ విప్పాడు. దొంగలు తోలుకుపోయిన పశువుల ముద్ర ఎలా ఉంటుందో అడిగి తెలుసుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే మందను తోలుకొచ్చాడు. అందులో ఆమె పశువులే కాదు, ఆమె బాబాయి ఈనస్‌వీ, క్వేకరు సమాజంలోని తక్కిన రైతులవీ ఉన్నాయి. ఎలా తెచ్చావని ఒక్కరూ అడగలేదు. తెలియక కాదు, తెలుసు కనుక.

ఆ తరువాత షెరీఫ్‌కు ఆ దారిన పనులు పుట్టుకొచ్చాయి. కంచె గట్టిగా ఉందో లేదో చూడాలి. గుర్రానికి నీళ్లు పెట్టాలి. ఒకరోజు జోరువానలో వచ్చి, వాన వచ్చేలా ఉందని చెప్పిపోదామని వచ్చానన్నాడు. టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"కనిపిస్తూనే ఉంది. కాఫీ కోసం వచ్చానంటే నీ పరువేం పోదు," అంది కెజయా.

వాన వెలిసినా అతను లేవలేదు, ఆమె లేవమనలేదు. మాటలు లేని చోట కూర్చోవడం ఆమెకు పుట్టినప్పటి నుంచి అలవాటే. ఎదుటి మనిషి ఊపిరి వినపడేటంత మౌనం మాత్రం ఆమెకు కొత్త. అది మొదలు, గుట్ట మీద గుర్రపు డెక్కలు వినపడితే వెన్న చిలికే ఆమె చేయి ఆగిపోయేది.

ఈ సంగతి పెద్దల చెవిన పడింది. ఇద్దరిని వెంటబెట్టుకుని ఈనస్ బాబాయి వచ్చాడు. క్వేకరు పెద్దలు ఎవరినీ గద్దించరు. గొంతు తగ్గించి, కళ్లు దించుకుని, నొచ్చుకుంటారు. ఆయుధం ధరించినవాణ్ణి పెళ్లాడితే సమాజం ఆమెను తనదిగా భావించలేదని ఎంతో ప్రేమగా తెలియజేశారు. వారి దొడ్లలోని ఆవులు ఆ ఆయుధం వల్లనే తిరిగి వచ్చాయన్న ప్రస్తావన ఆ ప్రేమలో ఎక్కడా లేదు. ఆ ఆవుల పాలు వారి పిల్లలు తాగుతూనే ఉన్నారు.

కెజయా ఆ మాట అనలేదు. పుట్టిన సమాజాన్ని, తల్లీ తండ్రీ కూర్చున్న ప్రార్థన బల్లలను వదులుకోవడం ఆమెకు అంత తేలిక కాదు. ఇక రావద్దని అతనితో చెప్పింది. ఎందుకని అడగకుండా అతను టోపీ పెట్టుకున్నాడు. ఆ చలికాలమంతా డెక్కల చప్పుడు లేదు. ఆమె చేయి మాత్రం చిలుకుతూ చిలుకుతూ ఆగేది.

మంచు కరిగాక కబురు తెలిసింది. షెరీఫ్ న్యూమెక్సికోలో ఉద్యోగం ఒప్పుకున్నాడు. సోమవారం రైలుకు ప్రయాణం.

ఆ ముందు రోజు, ఆదివారం, అతను ప్రార్థన ఇంటికి వచ్చాడు. నడుముకు తుపాకీ పట్టీ లేదు. మగవాళ్ల వైపు చివరి బల్ల మీద కూర్చున్నాడు. క్వేకరు మగవాళ్లు టోపీలు తీయరు. అతనొక్కడే మర్యాదకని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్కడ పాదిరి ఉండడు, పాట ఉండదు. అందరూ దేవుని కోసం మౌనంగా ఎదురుచూస్తారు. ఎవరి మనసులో ఆయన మాట కదిలితే వారు లేచి నిలబడి చెబుతారు. లేచినవారు ఆడవారైనా మగవారైనా, ముగించేదాకా అడ్డు చెప్పే ఆచారం లేదు.

ఈ ఆచారం షెరీఫ్‌కు తెలియదు. మౌనం సాగగా సాగగా కాలు తిమ్మిరెక్కి, అతను లేచి నిలబడ్డాడు.

టోపీలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. అతను తెలియక లేచాడని కెజయాకు అర్థమైంది. చెప్పడానికి వీల్లేదు, సైగ చేయడానికీ వీల్లేదు. అతను అటూ ఇటూ చూసి, తప్పించుకునే దారి లేదని గ్రహించాడు.

"కాలు తిమ్మిరెక్కిందండీ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంకా ఎదురుచూస్తున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు. "మిస్ హాడ్లీకి ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. తుపాకీ వదిలేస్తానని అబద్ధం చెప్పలేను. మళ్లీ దొంగలు పడితే మళ్లీ వెళ్తాను, ఈ ఊరైనా ఇంకో ఊరైనా. అది పాపమైతే దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి. ఆవిడ రావద్దంది, నేను రాలేదు. అంతే. రాకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు నాకు."

కూర్చున్నాడు. ముందు బల్ల మీద ఈనస్ బాబాయి కళ్లు మూసుకున్నాడు.

కెజయా లేచింది.

"అతను తెచ్చిన పశువుల్ని మనం ఉంచుకున్నాం," అంది. "ఒక్క దూడనైనా వెనక్కి పంపలేదు. తెచ్చినవాణ్ణి మాత్రం గుమ్మం బయట ఉంచాం. పశువులు పాపం కాకపోతే అతనూ కాదు. అతను పాపమైతే, పశువుల్ని కూడా ఇవాళే తోలేద్దాం. నేను ఈ మనిషిని పెళ్లి చేసుకుంటాను. మీ మధ్యే చేసుకోవాలని నా ఆశ. మీరు కాదంటే, బయట చేసుకుంటాను."

చెప్పి కూర్చుంది. పెద్దల బల్ల మీది వారు పక్కవారితో చేయి కలిపితేనే సభ ముగుస్తుంది. ఈనస్ బాబాయి పక్కవాడు చేయి చాచాడు. ముసలాయన ఆ చేయి అందుకోలేదు. మెల్లగా లేచి, బల్లల మధ్యగా చివరిదాకా నడిచి, షెరీఫ్ ముందు ఆగి చేయి చాచాడు.

"నువ్వు తెచ్చినవాటిలో నా ఆవులు పదకొండు," అన్నాడు, నేల వైపు చూస్తూ. "వచ్చే ఆదివారం నా పక్కన కూర్చో. అక్కడ కాలు చాపుకోవచ్చు."

బయట బండ్ల దగ్గర ఆంబ్రోస్ ఆమె పక్కకు వచ్చి, తను లేవగానే అందరూ ఎందుకలా చూశారని అడిగాడు. ఆమె చెప్పింది. విని అతను పాలిపోయాడు.

"మరి మీరు... మీకూ కాలు తిమ్మిరెక్కే లేచారా?"

"లేదు," అంది కెజయా. "నేను తెలిసే లేచాను."