ఎవరూ లేరని సంతకం

ఇళ్ళకు విలువ కట్టడం నా వృత్తి. అమెరికాలోని యంగ్స్‌టౌన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఎవరి కిందా కొలువు చేయలేదు. కొలిచే టేపు నాది, సంతకం నాది. ఒకప్పుడు ఈ ఊళ్ళో నాలాంటివాడు వెళ్ళి, చూసి, ఇది ఇంత చేస్తుందని రాసిస్తేగానీ బ్యాంకు అప్పు ఇచ్చేది కాదు. ఇప్పుడు కంప్యూటరు రెండు నిమిషాల్లో చెప్పేస్తోంది. నోటి దగ్గర కూడు లాగేసుకుంది పాపిష్ఠిది. ఇక మాకు మిగిలిందల్లా ఎవరో ఫోనుతో తీసి పంపిన ఫోటోలు చూసి, కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టడం.

ఆ నవంబరు మధ్యాహ్నం కూడా కాఫీ తాగుతూ ఎల్వుడ్ వీధిలో ఒక ఇంటి ఫోటోలు తిరగేస్తున్నాను. కొనేది యొలాండా పెటీ, స్కూలు బస్సు నడిపే ఆవిడ. ఇద్దరు పిల్లలు. అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి. నా సంతకం ఆలస్యమైతే పిల్లలతో ఏ మోటెల్లోనో తలదాచుకోవాలని, నాకు పని పంపే కంపెనీ అమ్మాయి కొరీన్ ముందే చెప్పింది.

ఫోటోల్లో మనుషులు పడితే వాళ్ళ ముఖాలను ఫోటో తీసే యాపే మసక చేసేస్తుంది. అది దాని పద్ధతి. కానీ ఈ ఇల్లు రెండేళ్ళుగా ఖాళీ. అయినా ప్రతి గదిలోనూ ఒక మసక మచ్చ ఉంది. గోడ మీద కాదు. గాలిలో, మనిషి తల ఎత్తున.

కొరీన్‌కి ఫోన్ చేశాను.

"అద్దంలో నీడ పడి ఉంటుంది ఎమిల్ గారూ. ‘ఖాళీ’ అన్న దగ్గర టిక్కు పెట్టి పంపేయండి. మీ వల్ల కాకపోతే చెప్పండి, మిషన్ చేతే పెట్టిస్తాం," అంది నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. టేపు, టాబ్లెట్ కారులో పడేసుకుని బయలుదేరాను.

నేను చేరేసరికి వెలుగు తగ్గుతోంది. వీధిలో మూడిళ్ళకు ఒక ఇంట్లోనే దీపం ఉంది. ఈ రెండేళ్ళలో నేను చూడవలసిన ఇల్లు మూడు కంపెనీల చేతులు మారింది. కంప్యూటర్లే కొన్నాయి, కంప్యూటర్లే అమ్మేశాయి. ఒక్క మనిషీ గడప తొక్కి ఇది ఎలా ఉందని చూసిన పాపాన పోలేదు.

కంపెనీ ఇచ్చిన నంబరుతో తాళం తీసి, పాత అలవాటు కొద్దీ గడపలో నిలబడి, "విలువ కట్టేవాణ్ణి... వచ్చాను," అని గట్టిగా అన్నాను. ఎవరైనా లోపల నిద్రపోతుంటారేమోనని మా వాళ్ళంతా వేసే కేక అది. నేను ఆ కేక వేసి నాలుగేళ్ళయింది.

పైన చెక్క కిర్రుమంది.

మూసిపెట్టిన ఇంటి ముక్కిన వాసన. దాని వెనక ఇంకోటి, వానలో తడిసిన ఉన్ని కోటు వాసన. వారం రోజులుగా ఊళ్ళో వాన లేదు.

టాబ్లెట్ ఎత్తి అదే యాప్‌తో మెట్ల వైపు ఫోటో తీశాను. మసక మచ్చ పై మెట్టు దగ్గర ఉంది. కళ్ళెత్తి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ తీశాను. మచ్చ సగం మెట్లు దిగింది. ఇంకోటి తీశాను...

కింది మెట్టు దగ్గర ఉంది.

నాకు భయమేసింది. ఉన్ని వాసన ముఖానికి కొడుతోంది. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది మాత్రం యొలాండా పిల్లలే. రేపు ఈ మెట్లెక్కేది వాళ్ళు.

"చూడు..." అన్నాను. "ఈ ఇంటికి ఇద్దరు పిల్లలు రాబోతున్నారు. నువ్విక్కడుంటే నేను సంతకం పెట్టలేను."

టాబ్లెట్ కిందికి దించాను.

"నిన్ను చూడటానికి ఎవరూ రాలేదని తెలుసు. నేను వచ్చాను కదా. చూశాను కదా. ఇక వచ్చెయ్."

తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాను. నా మోచేతిని చల్లగా ఏదో రాసుకుంటూ పోయింది.

తర్వాత ప్రతి గదీ కొలిచాను, ప్రతి గదికీ ఫోటో తీశాను. ఎక్కడా మచ్చ లేదు. కారులో కూర్చుని ‘ఖాళీ’ దగ్గర టిక్కు పెట్టి, సంతకం చేసి పంపాను. నా జన్మలో ఇంత నిజమైన సంతకం పెట్టలేదనిపించింది. పది నిమిషాల్లో కొరీన్ ఫోన్ చేసింది. అప్పు మంజూరైందట, యొలాండా ఫోన్లోనే ఏడ్చేసిందట. నాకూ కళ్ళు చెమర్చాయి. మిషన్ ఈ పని చేయగలదా అని మీసం మెలేసుకుని కారు స్టార్ట్ చేశాను.

టింగ్... టింగ్... టింగ్...

పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే చప్పుడు అది. బరువు పడితేనే మోగుతుంది. సీటు మీద ఏమీ లేదు. టేపు, టాబ్లెట్ నా ఒళ్ళోనే ఉన్నాయి.

ఉన్ని వాసన...

అటు చూడకుండా చెయ్యి చాచి, ఆ బెల్టు లాగి పెట్టేశాను. చప్పుడు ఆగిపోయింది. ఇంటికి వెళ్ళే దారిలో ఒక్కసారే చూశాను. బెల్టు సీటును ఆనుకుని లేదు. సీటుకు జానెడు ముందుకు, బిగుసుకుని ఉంది. ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా ముందుకీ వెనక్కీ కదులుతోంది.