ఆరున్నర గంటల ప్రయాణం

బాలసుబ్బయ్య అరబ్బు దేశంలోని ఫహాహీల్‌లో టైపింగ్ షాపు మెట్లెక్కేసరికి చేతిలోని టెలిగ్రాము నలిగి ముద్దయిపోయింది. ముందుగదిలో టైపింగు, వెనకగదిలో అపరాధ పరిశోధన. కుక్కుటేశ్వరరావు దుకాణం సంగతి 1979 నాటికి అక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు.

"నా పెండ్లాం మందులందక పోయింది సార్. సెలవుకు ఊరికి పోతాండే అచ్చిబాబన్నతో గుండె మందులు పంపిస్తి. బొంబాయి ఏర్‌పోర్టులో నా బామ్మర్ది సుబ్బన్న చేతికే ఇచ్చినా అంటాడు ఆయప్ప. రెండు దినాలు కాసుకోనుంటి, ఎవురూ రాలేదంటాడు సుబ్బన్న. సొంత అక్క మందులు అమ్ముకున్న్యాడా వాడు? అదే నిజమైతే వాని మొగం ఇంగ సూడను."

అసిస్టెంటు రజియా బీ అంతా రాసుకుంది. ఆమె అనుమానం సుబ్బన్న మీదే.

మర్నాడు కుక్కుటేశ్వరరావు, రజియా బీ అచ్చిబాబు ఉండే మంగఫ్ వెళ్ళారు. నెల సెలవు గడిపి వచ్చిన అచ్చిబాబు తన గదిలోనే దొరికాడు.

"పాస్‌పోర్టు చూపిస్తారా?" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"మా అరబ్బు యజమాని, కఫీల్ దగ్గరుందండి."

"ప్రయాణం ఎలా సాగింది?"

"వెళ్ళేటప్పుడు ఆరున్నర గంటలండి బాబూ, నడుం పట్టేసింది. వచ్చేటప్పుడు గంటన్నరలో దింపేశాడండి. గాలి కలిసొచ్చినట్టుంది."

"అంతకుముందెప్పుడైనా విమానం ఎక్కారా?"

"లేదండి. ఈ గదిలో అందరం స్టీమర్లో వచ్చినోళ్ళమేనండి."

దారి దొరికితే కుక్కుటేశ్వరరావు ముఖం వెలిగిపోతుంది. ఆ రోజు మాత్రం వాడిపోయింది. ఎందుకో రజియా బీకి అంతుపట్టలేదు.

శుక్రవారం భోజనాలయ్యాక ఆ గదివాళ్ళనీ, బాలసుబ్బయ్యనీ అక్కడే కూర్చోబెట్టాడు.

"ఇక్కణ్ణించి బొంబాయి రెండువేల ఏడువందల చిల్లర కిలోమీటర్లు. విమానానికి వెళ్ళినా వచ్చినా నాలుగు గంటలే. బొంబాయి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. టిక్కెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తారు. ఇక్కడ పదింటికి ఎక్కి అక్కడ నాలుగున్నరకి దిగడం చూసి ఆరున్నర గంటలని లెక్కేశారు. అక్కడ ఎనిమిదింటికి ఎక్కి ఇక్కడ తొమ్మిదిన్నరకి దిగడం చూసి గంటన్నర అన్నారు. విమానంలో కూర్చున్న మనిషి అలా చెప్పడు. మీరు టిక్కెట్టు చదివారు అచ్చిబాబు గారూ, విమానం ఎక్కలేదు."

అచ్చిబాబు ట్రంకుపెట్టె ముందుకి లాక్కున్నాడు.

"ఆఖరి రోజున కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వనన్నాడండి. అప్పటికే వీళ్ళంతా కోడిపలావు వండిపెట్టి, దండేసి సాగనంపేశారండి. ఏ మొహం పెట్టుకుని వెనక్కి రానండి? కబ్ద్ ఎడారిలో ఓ టమాటా తోట షెడ్డులో నెల్లాళ్ళు దాక్కున్నానండి."

పెట్టె తెరిచి మందుల పొట్లం తీసిచ్చాడు. కట్టిన దారం కట్టినట్టే ఉంది. మనిషిని చూడకుండానే సుబ్బన్నని దొంగని చేసినందుకు రజియా బీకి సిగ్గేసింది. గురువుగారి తెలివికి మురిసిపోవాలని కూడా అనిపించలేదు.

అంతా బాలసుబ్బయ్య చెయ్యి చేసుకుంటాడనుకున్నారు. అతను పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని అచ్చిబాబు పక్కనే కూర్చున్నాడు.

"ఊరికి పోలేదని ఒక్కమాట సెప్పింటే, ఆ వారమే ఇంగొకరితో పంపిచ్చింటి గదన్నా. నేను నవ్వుతాననుకుంటివా?"