నల్ల బండికి పోసిన ప్రాణం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

మార్కాపురం శివార్లలో ఏనాడో మూతపడిన పలకరాయి గని అది. నిట్టనిలువు నల్లరాతి గోడల నడుమ, వంద అడుగుల లోతున, పచ్చగా కుళ్ళిన నీరు... ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా ఎక్కడో ఉరుము గర్జించింది. రాతి పగులులోంచి ఒక గుడ్లగూబ, పట్టపగలే కళ్ళు విప్పి కిందికి చూసింది.

గని అంచున ఒక మోటార్ సైకిల్. వెయ్యి సీసీ బండి. కాటుకలా నల్లగా, దూకబోయే మృగంలా ముందుకు వంగి ఉంది. దాని పెట్రోల్ ట్యాంకు మీద మానవ కపాలం! కపాలానికి చుట్టిన ఆడమనిషి తలవెంట్రుకలు!

ఎదుట కూర్చుని మంత్రం జపిస్తున్నవాడు క్షుద్రోపాసకుడు అంకయ్య. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఈశ్వర్. పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేస్తాడు. బండి అతనిది, ఉన్న పొలం అమ్మి కొన్నాడు. వెంట్రుకలు అతని భార్య మల్లీశ్వరివి. ఆమె నిద్రపోతుండగా కత్తిరించి తెచ్చాడు.

బండి కొన్న ఆరునెలల్లో ఈశ్వర్ వేరే మనిషయ్యాడు. మిషన్ ముందు రోజంతా రాతిదుమ్ము మింగేవాడు, సాయంత్రం ఆ బండి ఎక్కితే చక్రవర్తి. దాన్ని నిమిరినంత ఇష్టంగా భార్యను ఎప్పుడూ నిమరలేదు. అయితే ఒకరోజు కంభం దాటాక, ముఖం కనపడని ఎవడో ఇంకా పెద్ద బండి మీద అతన్ని దాటి పోయాడు. ఆ అవమానం అతని గుండెలో పుండైంది. ఆ పుండే అతన్ని అంకయ్య దగ్గరికి నడిపించింది.

బండికి ప్రాణం పోయాలన్నాడు అంకయ్య. అదీ నిన్ను ప్రాణంగా చూసుకునే మనిషి ప్రాణమే కావాలన్నాడు. మూడు అమావాస్యలు. మూడోది ముగిస్తే ఈ బండిని దాటేవాడు భూమ్మీద ఉండడు, దాని మీద కూర్చున్నవాడికి చావు రాదు. మల్లీశ్వరి ఆత్మ మాత్రం కపాలంలో అంకయ్యకు దాసిగా పడి ఉంటుంది.

ఈశ్వర్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే!

మొదటి పూజ ముగియగానే గిద్దలూరు రోడ్డెక్కాడు. థ్రాటిల్ తిప్పాడో లేదో... నేల వెనక్కి జారిపోయింది! నూట యాభై... రెండు వందలు... రెండు వందల నలభై! రోడ్డు పక్కన చెట్లు ఒకే పచ్చగీతగా కలిసిపోయాయి. తొడల మధ్య ఇంజన్ సజీవంగా, వెచ్చగా, గుండెలా కొట్టుకుంటోంది. హెల్మెట్ లోపల ఈశ్వర్ పిచ్చివాడిలా నవ్వాడు. ఆనందంతో కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో తల్లి దాసమ్మ తల పట్టుకుని కూర్చుని ఉంది.

లోపల మంచం మీద మల్లీశ్వరి... జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు పైకి తిరిగి, గొంతులోంచి ఆడమనిషిది కాని హోరు! అరచేతుల్లో తోలు ఊడి రక్తం. నోట్లోంచి పెట్రోల్ వాసన. పన్నెండున్నరకు మొదలైందని, ఇప్పుడే తగ్గుతోందని దాసమ్మ చెప్పింది. తాను రోడ్డెక్కిన వేళ, దిగిన వేళ. ఈశ్వర్‌కు అర్థమైంది.

అర్థమయ్యాక కూడా మర్నాడు బండి తీశాడు. ఆ మర్నాడూ తీశాడు. ఆ వేగం రుచి మరిగిన ఒంటికి ఇంకేదీ రుచించలేదు. రెండో అమావాస్య దాటేసరికి మల్లీశ్వరి ఎముకల గూడైంది. ఒక సాయంత్రం ఆమెకు తెలివొచ్చింది.

"నా జుట్టు ఎవురికిచ్చినావు?" అని అడిగింది.

ఈశ్వర్ తల దించుకోలేదు. "బండికి," అన్నాడు.

ఆమె ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో అమావాస్య... మళ్ళీ మిట్టమధ్యాహ్నం!

ఆస్పత్రికని తల్లికి చెప్పి, మల్లీశ్వరిని వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో నడుముకు కట్టుకుని గనికి తెచ్చాడు. అంకయ్య ఆమెను ముందు చక్రానికి అడ్డంగా, వెల్లకిలా పడుకోబెట్టాడు. కపాలాన్ని ట్యాంకు మీద నిలిపాడు. పగటి ఎండ మసకబారింది. గుడ్లగూబలు గుంపుగా అరిచాయి.

"రొమ్ము మీద నుంచి దాటించు. అంతటితో అయిపోతది," అన్నాడు అంకయ్య.

ఈశ్వర్ బండెక్కి ఒక్కసారి భార్య వైపు చూశాడు. కానీ తన కింద ఇంజన్ మెత్తగా గురకపెడుతుంటే చూపు తిప్పుకున్నాడు. గేరు వేశాడు. థ్రాటిల్ తిప్పాడు.

ఇంజన్ దిక్కులు పిక్కటిల్లేలా గర్జించింది... బండి మాత్రం అంగుళం కదల్లేదు!

మల్లీశ్వరి కళ్ళు తెరిచింది.

"నా పానమంతా దీంట్లో పోసినావు గదా అంకయ్యా," అంది ప్రశాంతంగా. "ఇంక ఇది నీ మాట ఎట్ల ఇంటది?"

మరుక్షణం బండి గుర్రంలా ముందుకాళ్ళెత్తి లేచింది! ఈశ్వర్ ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు. గట్టు మీద పేర్చిన పలకరాళ్ళ దొంతర కూలి అతని రెండు కాళ్ళను నుజ్జు చేసింది. మీద మనిషి లేని బండి అంకయ్య వైపు తిరిగింది. అతను స్తంభన మంత్రం చదివాడు, మారణ మంత్రం చదివాడు. ముప్పై ఏళ్ళుగా ఎందరినో చంపిన ఆ అక్షరాలు నాలుక మీదే బూడిదయ్యాయి. పరిగెత్తాడు. బండి తొందరపడలేదు. పిల్లి ఎలుకను ఆడించినట్టు, గని అంచు చుట్టూ అతన్ని తరిమింది. చక్రం రాపిడితో మడమలు కాల్చింది. మోకాళ్ళు విరిచింది. పాకుతూ వచ్చి తన కాళ్ళ మీద పడబోయిన ఆ మాంత్రికుణ్ణి మల్లీశ్వరి రెప్ప వాల్చకుండా చూసింది.

"తల్లీ... వదిలెయ్," అన్నాడు.

చక్రం అతని రొమ్ము మీదికెక్కి, అక్కడే గిర్రున తిరిగింది...

తర్వాత బండి ఆ కళేబరాన్ని ముందుకు తోసుకుంటూ అంచు దాటి దూకింది. దారిలోనే కపాలం రాతికి తగిలి ముక్కలైంది. పచ్చటి నీరు ఒక్కసారి నోరు తెరిచి మూసుకుంది.

మల్లీశ్వరి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. లేచి నిలబడింది.

"మల్లీ... కాళ్ళు కదలట్లే. ఈ రాళ్ళు తియ్యి మల్లీ," అంటున్నాడు ఈశ్వర్.

ఆమె చీర దులుపుకుని రోడ్డు దాకా నడిచింది. మార్కాపురం వైపు పోతున్న ఆటో ఆగింది. గని వైపు నుంచి ఏదో అరుపు వినపడిందని, అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని డ్రైవర్ అడిగాడు.

మల్లీశ్వరి ఎక్కి కూర్చుంది.

"ఎవురూ లేరు. నువ్వు పోనీ అన్నా," అంది.