స్వరూప సంవత్సరీకం, అశ్రిత పరీక్ష

శామీర్‌పేట దగ్గర అలియాబాద్‌లో, జనార్ధన్ ఇంట్లో ఆ పొద్దున పెరట్లో మటన్ ఉడుకుతుంటే, ముందుగదిలో కూతురు అశ్రిత మొదటి ప్రపంచ యుద్ధం చదువుకుంటోంది. ఆ రోజు వాళ్ళమ్మ స్వరూప సంవత్సరీకం. ఆ రోజే మధ్యాహ్నం యూనివర్సిటీలో ఎం.ఏ. పరీక్ష, అమెరికా యూరప్ చరిత్ర పేపరు. రెండూ ఒకే రోజు పడటం ఎవరి తప్పూ కాదు. కానీ చుట్టాలు దిగిన ఇంట్లో తప్పు ఎవరో ఒకరిది కాక తప్పదు.

చావుకు వచ్చినవాళ్ళకన్నా సంవత్సరీకానికి వచ్చినవాళ్ళ దగ్గరే సలహాలు ఎక్కువుంటాయి. తల్లి లేని పిల్ల ఈ రోజు కూడా పుస్తకం పట్టుకుని కూర్చోవడమేమిటని వంటింట్లో గుసగుసలు. నిజానికి వాళ్ళను పీడిస్తున్నది పుస్తకం కాదు. ఏడాదిగా అశ్రిత ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. శవం లేచినప్పుడూ లేదు, పెద్దకర్మ నాడూ లేదు. తిన్నావా అంటే తిన్నానంటుంది, పడుకున్నావా అంటే పడుకున్నానంటుంది. తనకేమైందో తనకే తెలియదు. ఏడుపు రానందుకు కనీసం బాధ కూడా కలగకపోవడం ఆమెకే వింతగా ఉండేది.

మేనమామ వెంకటనర్సయ్య టీ తాగుతూ మొదలుపెట్టాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అన్నాడు. తెల్లవాళ్ళ రాజులు ఎప్పుడు పోయారో తెలిస్తే శామీర్‌పేటలో ఏ ఉద్యోగం వస్తుందని అడిగాడు. ఈ పరీక్ష తప్పితే ఇక చదువు చాలనీ, ఎండాకాలంలో పెళ్ళి చేసేద్దామనీ బావకు చెప్పాడు. జనార్ధన్ సరేనన్నట్టు తలూపాడు. భార్య పోయాక ఆయన ఎవరేం చెప్పినా అలాగే తలూపుతున్నాడు.

"నేను పన్నెండింటికి బయలెల్లాలె నాయినా," అంది అశ్రిత.

"పిట్ట ముట్టంగనే పో," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

అక్కడే వచ్చింది చిక్కు. సమాధి దగ్గర విస్తట్లో పెట్టినదాన్ని కాకి ముట్టేదాకా ఇంటివాళ్ళు కదలకూడదు, నోట్లో మెతుకు పెట్టకూడదు. కాకి రాలేదంటే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం.

సమాధి వాళ్ళ సొంత చేన్లోనే ఉంది. చేనన్నది ఇప్పుడు పేరుకే. భార్య పోయిన కొత్తలోనే జనార్ధన్ ఆ భూమిని ప్లాట్లు కోసి వెంచర్ చేశాడు. రోడ్లకు అడ్డమని వేపలూ తుమ్మలూ అన్నీ కొట్టించాడు. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్ళే. అమ్మకుండా వదిలిన ఒక్క ప్లాటులో స్వరూప ఉంది.

విస్తరి పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి కాదు కదా, పిచ్చుక కూడా రాలేదు. ఎండెక్కింది. చుట్టాలు ఒక్కొక్కరే ముందుకెళ్ళి మొక్కి వచ్చారు. వెంకటనర్సయ్య చేతులు జోడించి, "అక్కా, నీ బిడ్డ పెండ్లి మేనమామగ నేను జేస్త. ఇగ రా," అన్నాడు. ఆ మాటకూ ఏ రెక్కా చప్పుడు కాలేదు. అశ్రిత ఫోన్లో టైం చూసుకుంది. పేపరు రాయకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువే పోతుంది.

"నేను పోతున్న," అంది.

"ఎట్ల పోతవ్? కన్నతల్లి కంటె గా తెల్లోళ్ళు ఎక్కువైన్రా నీకు?" జనార్ధన్ గొంతు పెద్దదైంది. స్వరూప పోయాక ఆయన అలా అరవడం ఎవరూ వినలేదు.

అశ్రిత కదలకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "గా పుస్తకంల లక్షల మంది సచ్చిపోతరు నాయినా. ఒక్కరు గూడ మనోళ్ళు గాదు. సదువుతుంటె నాకేం గాదు. గందుకే గది సదువుతున్న. పుస్తకం మూస్తే అమ్మ మంచం కనవడ్తది."

గొడుగు కింద కూర్చున్న జనార్ధన్ తల్లి బుచ్చమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది.

"చెట్లన్ని నువ్వే కొట్టిస్తివి కొడుకా. పిట్ట యాడికెల్లి వస్తది? నా కోడలికి కోరిక లేదు, ఏం లేదు. పిట్ట వాలెతందుకు కొమ్మ లేదు. నేనీడ కూసుంట. నువ్వు పిల్లను దీస్కపో."

జనార్ధన్ విస్తరి వైపు కాసేపు చూశాడు. తర్వాత కారు తీశాడు. వెంకటనర్సయ్య వెనక నుంచి ఆచారమనీ అరిష్టమనీ ఏదో అంటూనే ఉన్నాడు.

తండ్రీకూతుళ్ళు శామీర్‌పేట చెరువు దాటారు. తూంకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆయన అడిగాడు.

"గా యుద్ధం అయిపోయినంక, గంత మంది పోయినంక, మిగిలినోళ్ళు ఎట్ల బతికిన్రు బిడ్డా?"

అశ్రిత జవాబు వెతుక్కుంది. ఒప్పందాలు తెలుసు. కొత్త సరిహద్దులు తెలుసు. అమెరికా ఎందుకు పక్కకు తప్పుకుందో కారణాలతో సహా తెలుసు.

"అది సిలబస్‌ల లేదు నాయినా," అంది.

ఆయన అవునా అన్నట్టు చూసి, ముందున్న లారీ వైపు ముఖం తిప్పుకున్నాడు. అడిగింది యూరప్ గురించి కాదని అశ్రితకు అప్పుడు అర్థమైంది. అమ్మా నాన్నా కలిసి కలుపు తీసిన చేను అది. మధ్యాహ్నాలు ఆ వేపల కిందే అన్నం తిన్నారు. తను పుస్తకం తెరిచినట్టే, ఆయన చెట్లు కొట్టించాడు. ఆయనకూ ఏదీ కనపడకూడదు.

"నాయినా," అంది. అంతలోనే ఏడుపు వచ్చింది. మొదట దగ్గులా వచ్చి, తర్వాత ఇంక ఆగలేదు.

జనార్ధన్ ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఏడువు బిడ్డా. టైముకు దింపుత. నువ్వు రాసి వచ్చేదాక గేటు కాడనే ఉంట," అన్నాడు. లారీ కదిలింది. ఆయన ఒక చేత్తోనే స్టీరింగు తిప్పుతూ, తడిసిన తన చెంపలు తుడుచుకోకుండానే కారు పోనిచ్చాడు.