మంగు లేని ముఖం

స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, పూజ ముగించిన ప్రభులింగ్ అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి "చాయ్ అయిందా" అనబోయి ఆగిపోయాడు. భార్య నీలాంబిక లింగైక్యమై వారం దాటింది. ఆయన నోటికి ఆ సంగతి ఇంకా తెలియదు. వంటింట్లోంచి కూతురు శైలశ్రీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. చక్కెర ఎక్కువైంది. అయినా ఆయన గ్లాసు ఖాళీ చేశాడు.

నారాయణఖేడ్ బజారులో వాళ్లది పప్పుల దుకాణం. వెనక ఇల్లు, ముందు దుకాణం, పక్క మడిగె గదిలో శైలశ్రీ బ్యూటీ పార్లర్. ఛాతీలో నొప్పి అంటూ కూర్చున్న నీలాంబిక కూర్చున్నట్టే వాలిపోయిన ఆ పొద్దటి నుంచి రెండు షట్టర్లూ మూసే ఉన్నాయి. ఎల్లుండి నీలాంబిక పేరిట శివగణారాధన. కంగ్టి నుంచి, మనూర్ నుంచి చుట్టాలు వస్తారు. దీపం పెట్టడానికి పటం కావాలి. ఆ పటం కోసమే తండ్రీకూతుళ్లు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు.

ఫోటో స్టూడియో జావేద్ బండి ఆపి, పేపర్‌లో చుట్టిన ఫ్రేమును అరుగు మీద పెట్టాడు. "శైలక్క పంపిందే పెద్దగ చేసిన కాకా. నేనేం కలపలే" అని చెప్పి, చాయ్ వద్దని వెళ్లిపోయాడు.

ప్రభులింగ్ పేపర్ విప్పాడు. కళ్లజోడు తీసి, ధోవతి అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. పటంలో తెల్లటి ఆడమనిషి ఒకామె నవ్వుతోంది. చెంపలు నున్నగా ఉన్నాయి. కళ్ల కింద ఒక్క గీత లేదు. ముక్కు కూడా కొంచెం సన్నబడింది. మెడలో ఇష్టలింగం ఉంచుకునే వెండి లింగకాయ మాత్రం నీలాంబికదే.

"గిదెవరు బిడ్డా?" అన్నాడు.

"గదేంది అప్పా, అవ్వ గాదా. పోయిన దసరాకు నేనే తీసిన. మంచిగొచ్చిందని అవ్వ గూడ అన్నది."

"మంచిగనే ఉన్నది. మంగు ఏది?"

నీలాంబిక రెండు చెంపల మీదా గోధుమరంగు మంగు మచ్చలుండేవి. కుడివైపు చిన్నగా, ఎడమవైపు కంటి కింది నుంచి దవడ దాకా. ఊళ్లో ఇద్దరు నీలాంబికలుంటే, ఈమెను మంగు నీలవ్వ అనేవాళ్లు. ఆ పేరుకు ఆవిడ నవ్వుతూనే పలికేది.

"మంగు లేకుంటే ఏమైతది?" శైలశ్రీ గొంతు కాస్త లేచింది. "ఎల్లుండి ఇంత మంది వస్తరు. అందరి ముందట అవ్వ మచ్చలతోని ఎందుకు కనబడాలె?"

"ఇన్నేండ్లు నా ముందట గట్లనే కనబడ్డది. నేనేమన్న వద్దన్ననా?" ప్రభులింగ్ పటాన్ని గోడ వైపు తిప్పి పెట్టాడు. "ఇంకోటి చూడు. ఎవరో తెల్వని ఆడమనిషి ముందట నేను దీపం పెట్ట."

శైలశ్రీ ఫోన్ తీసుకుని గుమ్మంలో కూర్చుంది. దసరా, ఉగాది, మేనమామ ఇంటి గృహప్రవేశం, పార్లర్ ఓపెనింగ్ అన్నీ చూసింది. తల్లి ఫోటోలు బోలెడు. ఒక్కదానిలోనూ మంగు లేదు. తన ఫోన్ కెమెరాకు ముఖాలు నునుపు చేసే అలవాటు తనే చేసింది, ఒక్కసారి తప్ప మళ్లీ మార్చలేదు. తండ్రిది బటన్ ఫోన్. పెళ్లి ఆల్బమ్‌లో బెదురు చూపుల పదహారేళ్ల పిల్ల ఉంది, ఆ పిల్లకు ఇంకా మంగు రాలేదు. ఆధార్ కార్డులో ముఖం నల్లగా అచ్చుపడి ఎవరిదో కూడా తెలియడం లేదు. చేతిలో అన్ని ఫోటోలుండి కన్నతల్లి ముఖం ఒక్కటి దొరకకపోయేసరికి ఆమె మళ్లీ మొదటి నుంచి వెతికింది.

శైలశ్రీని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. కాలేజీ రోజుల్లో ఆమె ముఖం నిండా మొటిమలు. నువ్వులద్దిన రొట్టె అని క్లాసులో పేరు పెట్టారు. ఆ పేరు పడ్డాక కాలేజీకి వెళ్లనని మంచం దిగకపోతే, నీలాంబికే పక్కన కూర్చుని జుట్టు నిమిరేది. అప్పుడే ఎవరో కొరియా సామాను సంగతి చెప్పారు. గట్టి సబ్బు మానేసి మెత్తటి ఫేస్ వాష్, పైన ఎండకు క్రీము, అన్నిటికంటే ముఖ్యంగా గిల్లకుండా ఓపిక పట్టడం. ఏడాదికి మొటిమలు తగ్గాయి. మళ్లీ తలెత్తి నడిచింది. తనకు మేలు చేసినదాన్ని నలుగురికీ చెప్పాలనుకుంది. చెడ్డ ఆలోచనేం కాదు.

పార్లర్ పెట్టినప్పుడు నీలాంబిక ఆ కొరియా డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది.

"గిదేందే, జిగురు జిగురు?"

"నత్త జిగురు అవ్వా. చర్మానికి మస్తు మంచిది."

నీలాంబిక డబ్బాను గబుక్కున కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. "లింగం కట్టుకున్న ఇల్లు. కోడిగుడ్డు గడప దాటదు. నువ్వు నత్తను తెచ్చి ముఖానికి పూస్తవా తల్లీ" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఇంకో డబ్బాలో ఉన్నది బియ్యం కడిగిన నీళ్లని తెలిసి, "గివైతే రోజూ బర్రె తాగుతది. దాని ముఖం జూడు, ఎంత మెరుస్తదో" అంది. ఆ రోజు శైలశ్రీకి కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

"దొరికిందా?" తండ్రి అడిగాడు.

"లేదు అప్పా."

"ఒక్కటన్న అసలుది లేదా?"

శైలశ్రీ ఫోన్ పక్కన పెట్టింది. "ఒకటుంది. గది మాత్రం నేనియ్య."

"ఏదది?"

"పార్లర్ల గోడ మీదున్నది."

ప్రభులింగ్‌కు అర్థమైంది. పార్లర్‌లో గోడంత ఫ్లెక్సీ ఉంది. ఎడమ పక్క 'ముందు', కుడి పక్క 'తర్వాత'. రెండూ నీలాంబిక ముఖాలే. పొద్దుటెండ నేరుగా పడేట్టు గుమ్మంలో కూర్చోబెట్టి, ఫోన్‌లో నునుపు ఆపేసి 'ముందు' ఫోటో తీసింది శైలశ్రీ. ముఖం కడగనియ్యలేదు, తల దువ్వనియ్యలేదు. "నవ్వకు అవ్వా. బాధగున్నట్టు పెట్టు" అని చెప్పింది.

"గా ఫోటోల అవ్వ ఎంత ఘోరంగున్నదో తెల్సా అప్పా? చూసినోళ్లు జాలిపడ్తరు."

"ఏడాది సంది బజారందరికి చూపెడ్తివి" ప్రభులింగ్ మెల్లగా అన్నాడు. "దండం పెట్టేటందుకు పనికిరాదా?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. "అవ్వకు మంచిగ కావాలని నాకు ఉండదా? నన్నే అంటవ్. నేనిచ్చినయి రోజూ సక్కగ పెట్టుకుంటే పోతుండె. ఒకనాడు పెట్టె, రెండు దినాలు మరిచె. నా తప్పా గది?"

"పోదు బిడ్డా. ఎంత పూసినా పోకపోతుండె." ఆయన తలకున్న రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గా మంగు నువ్వు కడుపుల పడ్డంక వచ్చింది. కాన్పయితే పోతదన్నరు. పోలే. జహీరాబాద్ పోయి దవాఖానల చూపిద్దాం పా అన్న. ఉండనియ్, ఏమన్న నొస్తదా గుంజుతదా అన్నది. పిల్ల మంచిగ పుట్టింది, నాకు గది చాలన్నది."

శైలశ్రీ తండ్రి వైపు తిరిగింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తది? ఆడోళ్ల మచ్చలు పోగొడ్తనని నువ్వు దుకాణం పెడ్తివి. గీ మచ్చ నీతోనే వచ్చిందంటే నీ మనసు చిన్నబోదా?"

అంతలో గేటు దగ్గర చప్పుడైంది. ఆబెదా వచ్చింది. వారం వారం కల్హేర్ అంగడికి నీలాంబికతో కలిసి షేర్ ఆటోలో వెళ్లేది ఆమె. అక్కడ నీలాంబిక పప్పులు, ఆబెదా గాజులు పక్కపక్కనే పెట్టుకుని అమ్మేవాళ్లు. చేతిలో నీలాంబిక తక్కెడ ఉంది. దానికి చుట్టి ఒక పాత తువ్వాల.

"నీలక్క వచ్చిన ఆఖరి అంగడి నాడు నా మూటల ఉండిపోయింది భయ్యా. ఇచ్చిపోదామని" అంటూ గోడకు తిప్పి ఉన్న పటాన్నీ, ఇద్దరి ముఖాలనూ చూసి ఆగిపోయింది. ప్రభులింగ్ సంగతి చెప్పాడు. ఆబెదా పటాన్ని తిప్పి చూసి, మళ్లీ గోడ వైపే పెట్టింది.

"గీ తువ్వాల ఎందుకో ఎరుకనా బిడ్డా?" అని శైలశ్రీని అడిగింది.

"ఎండకు కట్టుకుంటుండె గదా ఖాలా."

"నాకు పంటినొప్పని చెప్పింది" అన్నాడు ప్రభులింగ్.

ఆబెదా అరుగు మీద కూలబడింది. "ఎండకు గాదు, పంటికి గాదు. నీ దుకాణంల ఫోటో పెట్టినంక అంగడిల ఆడోళ్లు అడుగుడు షురూ చేసిన్రు. నీ మచ్చలు పోయినయని నీ బిడ్డ గోడకు ఏసింది, ఇగో ఇక్కడ ఉన్నయి గదా అని. గానాడు నీలక్క మస్తు పరేషాన్ అయింది. వచ్చే వారం సంది కండ్ల దాకా తువ్వాల కట్టుకునుడే. అమ్మినన్ని గంటలు తియ్యకపోతుండె. నీళ్లు తాగాలన్నా గోడ దిక్కు తిరిగి తాగుతుండె."

"ఎందుకు ఖాలా" అంది శైలశ్రీ.

"నేను గూడ అడిగిన. తీసెయ్ అక్కా, ఉబ్బ పోస్తున్నదంటే, నా బిడ్డ దుకాణం కొత్తది ఆబెదా, నా ముఖం జూస్తే దానికి గిరాకీ పోతది అన్నది. ఎవ్వరికి చెప్పకని ఒట్టేయించుకున్నది. ఇగ మనిషే లేదు, ఒట్టెక్కడిది." ఆబెదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శైలశ్రీకి కుడి పక్క ఫోటో గుర్తొచ్చింది. రెండు నెలలు పూసినా మచ్చలు కదలకపోతే, ఎవరు చూడొచ్చారని ఫోన్‌లోనే తుడిచేసి 'తర్వాత' అని పెట్టింది. ఆ ఫోటో చూసి తల్లి, "గీమె నాకంటె మంచిగున్నది" అని నవ్వింది. అంతే, మారు మాట అనలేదు. కూతురి అబద్ధాన్ని తన ముఖానికి కట్టుకుని ఏడాది పాటు ఎండలో కూర్చుంది. శైలశ్రీ ఆ తువ్వాలను ముఖానికి అదుముకుంది. కందిపప్పు వాసన, చెమట వాసన. ఎంతకాలం నుంచో లోపల గడ్డకట్టిన ఏడుపు అప్పుడు బయటపడింది. తండ్రి దగ్గరికి జరిగి కూర్చుని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఏడవొద్దని చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమె పార్లర్ షట్టర్ లేపి, స్టూలు ఎక్కి ఫ్లెక్సీ దించేసింది. ఫోన్‌లో వెతికి, ఎడమ పక్క బొమ్మ అసలుది పట్టుకుని జావేద్ స్టూడియోకు వెళ్లింది.

"ఎండ మస్తు పడ్డదక్కా. జర సాఫ్ చెయ్యనా?" జావేద్ అడిగాడు.

"ఏం ముట్టకు తమ్మీ. ఒక్క చుక్క గూడ తియ్యకు."

సాయంత్రం కొత్త పటం వచ్చింది. శైలశ్రీ దాన్ని తండ్రి ముందు పెట్టి, తప్పు చేసిన పిల్లలా పక్కన నిలబడింది. ప్రభులింగ్ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. చూపుడు వేలితో అద్దం మీద ఎడమ చెంపను, కంటి కింది నుంచి దవడ దాకా నిమిరాడు.

"వచ్చినవా" అన్నాడు పటంతో.

కాసేపటికి కూతురిని పిలిచాడు. "నవ్వొద్దని చెప్పినవా గానాడు?"

"చెప్పిన. బాధగున్నట్టు పెట్టమన్న."

"చూడు, ఎట్ల ఆపుకుంటున్నదో."

శైలశ్రీ వంగి చూసింది. తల్లి పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఎడమ చెంప కొంచెం పైకి లేచి ఉంది. ఇంకొక్క క్షణం ఆగితే నవ్వేసేదే. కళ్లు కెమెరాను చూడడం లేదు. కెమెరా వెనక నిలబడి గొప్పగా ఆజ్ఞలిస్తున్న కూతురిని చూస్తున్నాయి. శైలశ్రీ ఏడాదంతా ఈ ఫోటో కింద కూర్చుని పని చేసింది. మచ్చలు తప్ప ఇంకేమీ చూడలేదు.

"నన్నే చూస్తున్నది అప్పా" అంది.

"మరెవరిని చూస్తది."

ఆరాధన రోజు ఇల్లంతా జనం. పొద్దున్నే శైలశ్రీ ఆ తువ్వాలను ఉతికి, ఆరబెట్టి, దానితోనే పటం అద్దం తుడిచింది. ప్రభులింగ్ పటంలోని నుదుట విభూతి దిద్ది దీపం పెట్టాడు. కల్హేర్ అంగడి ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్లలో దాక్షాయణి అనే ఆవిడ పటం ముందు దండం పెట్టుకుని, చాలాసేపు చూసి, శైలశ్రీ చెవి దగ్గరికి వంగింది.

"ఏమనుకోకు బిడ్డా. అవ్వకు మంగు పోయిందంటివి గదా. గా క్రీము నేను గూడ కొన్న."

శైలశ్రీ ముఖం మీద ఆ రోజు ఏ పూతా లేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కనున్న వాళ్లకు కూడా వినపడేట్టే చెప్పింది.

"పోలేదు అత్తా. నేనే ఫోన్‌ల తుడిచి పోయిందని చెప్పిన. అబద్ధం. నా మాట పోవద్దని అవ్వ మీ అందరి ముందట ముఖం కప్పుకున్నది."

దాక్షాయణి పటం వైపు తిరిగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగి, ఏడాదిగా తువ్వాల చాటునే ఉండిపోయిన నీలవ్వ ముఖాన్ని కరువు తీరా చూసుకున్నారు.