కడగని మర

ఆడికృత్తిక వారం. కే.జీ.కండిగైలో తిరుమలయ్య పిండిమర ముందు డబ్బాల వరుస పొద్దున ఏడింటికే రోడ్డు దాకా పాకింది. తిరుత్తణి కొండకు కావడి మోసే ఇళ్లన్నిటికీ పిండి దీపాలకు బియ్యప్పిండి కావాలి. పట్టేది తిరుమలయ్య ఒక్కడే. అరవై రెండేళ్లు. కనురెప్పల మీద పిండి, గొంతులో పిండి, నిలబడి నిలబడి నడుము పట్టేసింది. ఊరందరి తిండీ తన చేతుల మీదుగా పోతోందనే గర్వం ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు దగ్గు మిగిలింది.

సాయంత్రం వరదన్ చిన్న స్టీలు డబ్బాతో వచ్చాడు. వాడి తల్లి, మగ్గం నేసే వనజాక్షమ్మ పోయి తొమ్మిది రోజులు. మర్నాడు కరుమాది, పిండాలు పెట్టే పదో రోజు. ఆ పిండాలకు బియ్యం.

"మామా, రేపు నువ్వు తప్పకుండా రావాల."

"రాకుండా యాడికి పోతాను? పెట్టి కూర్చో."

ఆ మరకొక కట్టుబాటు ఉంది. చావింటి బియ్యం పట్టాక గుప్పెడు తవుడు పోసి ఆడించి మరను కడగాలి. రాళ్ల సందున మిగిలిన పిండి పోయినవాళ్ల వంతు, అది బతికున్నవాళ్ల తిండిలో కలవకూడదు. తిరుమలయ్యకు తండ్రి నేర్పాడు. చుట్టుపక్కల మరలవాళ్లకు తిరుమలయ్య నేర్పాడు, కడగనివాణ్ని నలుగురిలో తిట్టాడు కూడా.

వరదన్ పిండి తీసుకుని అటు వెళ్లాడో లేదో కరెంటు పోయింది. గంట తర్వాత కరెంటు వచ్చేసరికి వరుసలో ఒక్క డబ్బా మిగిలింది. తన ఇంటిదే. మనవరాలు వర్షిత జావకు రాగులు. తవుడు గంప గది అవతలి మూలన, పది అడుగుల దూరంలో ఉంది. తిరుమలయ్య ఆ పది అడుగుల వైపు చూశాడు. ఊళ్లోవాళ్ల డబ్బా అయితే నడిచేవాడే. మన ఇంటిదే కదా, అడిగేదెవరు అనుకుని రాగులు పోసేశాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని ఊరికే అన్నారా.

మర్నాడు చెరువులో నీళ్లు లేక, కర్మ వరదన్ పొలంలో బోరు దగ్గర జరిపారు. అరిటాకులో మూడు పిండాలు పెట్టారు. తడిసిన నువ్వుల వాసన, బురద వాసన. పైన కరెంటు తీగ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. అందరూ పిలిచారు. ఒక్కటీ దిగలేదు. పది గంటలైంది. పదకొండైంది. వరదన్ తడిబట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి.

"అమ్మా, ఏం కొరతమ్మా నీకు? చెల్లిని నేను చూసుకుంటా. నీ మగ్గం అమ్మను. దిగమ్మా..."

అప్పుడు చూశాడు తిరుమలయ్య. కాకులేవీ ఆకు వైపు తిరిగి లేవు. అన్నీ ఊరి వైపే చూస్తున్నాయి. మర పక్క సందు... అందులో తన ఇంటి వైపే.

వరదన్‌ను పక్కకు పిలిచాడు. "నిన్న మర కడగలేదురా. ఒళ్లు అలిసిపోయి... మీ అమ్మ వంతు మా పాప రాగిపిండిలో కలిసింది."

"పాప తినిందా?"

"రాత్రి తినింది. పొద్దున కూడా."

వరదన్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేది. "అయితే పాపను ఒకసారి ఎత్తుకొని రా మామా. ఆకు పక్కన కూర్చోబెడదాం. అంతే."

"పసిబిడ్డరా అది!"

"మా అమ్మ ఆకలితో ఉండాది మామా."

తిరుమలయ్య ఇంటిదారి పట్టాడు. తలుపులు మూసి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, అదొక్కటే ఆలోచన. అంగలు పెంచాడు. వెనక తీగ మీద రెక్కలు కొట్టుకున్న చప్పుడు. ఒక్క జతే...

వాకిట్లో భార్య తులసమ్మ బియ్యం చెరుగుతోంది. "ఏమయ్యా, అప్పుడే వచ్చినావు? కాకి ముట్టిందా?"

"పాప యాడ?"

"లోపల ఆడుకుంటా ఉండాది. పొద్దున్నించి పాలు ముట్టలా. జావే కావాలంట, రెండు గిన్నెలు తాగింది."

లోపల మసకగా ఉంది. రాగిజావ వాసన. దాని అడుగున ఇంకో వాసన... తడిసిన నువ్వులది.

పదకొండు నెలల వర్షిత చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా కాకి.

పాప నవ్వుతోంది. నోరు తెరిచింది. ఇంకా... ఇంకా తెరిచింది. కాకి మెడ వంచి ముక్కు లోపలికి పెట్టింది. దానికి తొందర లేదు.

తిరుమలయ్య అరిచాడు. అరిచాననుకున్నాడు, అంతే. చెయ్యి విసిరేలోపు అది అతని భుజాన్ని రాసుకుంటూ వాకిట్లోంచి వెళ్లిపోయింది.

బిడ్డను ఎత్తి నోట్లో వేలు పెట్టి చూశాడు. నెత్తురు లేదు. గీటు లేదు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయి అక్కడే కూలబడ్డాడు.

కాసేపటికి ఫోను మోగింది. మర హోరుకు చెవులు మందగించి అతని ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది.

"మామా, ముట్టింది! ఇప్పుడే!" వరదన్ వెక్కుతున్నాడు. "ఒకటే కాకి వచ్చింది. మూడు పిండాలూ తినేసి పోయింది. మా అమ్మ కడుపు నిండింది మామా..." గొంతు ఒక్కసారిగా తగ్గింది. "మామా, ఈడికి బిడ్డను ఎవురు ఎత్తుకొచ్చినారు?"

"ఎవురూ తీసుకురాలేదే."

"ఏడుపు వినపడతా ఉండాది. ఆకు దగ్గర నుంచే... ఆడ ఎవురూ లేరు మామా."

ఫోనులోంచి తిరుమలయ్యకూ వినబడింది. సన్నగా, గుక్కపట్టి. తులసమ్మ చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ ఏడుపు ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎందుకయ్యా పాప అట్ల ఏడుస్తా ఉండాది?"

తిరుమలయ్య ఒళ్లో వర్షిత మొహం కందగడ్డ అయింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నోరు తెరిచి గుక్క మీద గుక్క పెడుతోంది. ఆ నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రావడం లేదు.