ఉక్కాసురుడి కొలతలు

"మెరూన్ లైనింగ్ గుడ్డ ఉందా?"

"మెరూన్ అయిపోయింది. వంకాయ రంగు చూపించమంటారా?"

"వంకాయ రంగైతే ఆరు మీటర్లు కావాలి."

కోడ్ సరిపోయింది. లేసులూ గుండీలూ అమ్మే మొహియుద్దీన్ గల్లాపెట్టె ముందు నుంచి కదలకుండానే వెనక తలుపును కాలితో తోశాడు. సంతోష్‌నగర్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. భాగ్యశ్రీ చేతిసంచీ పట్టుకుని లోపలికి వెళ్ళింది. వీధిలో ఎవరు చూసినా, లేసు కొనడానికి వచ్చిన టైలరమ్మ అనుకుంటారు. అనుకోవాలి కూడా. పదేళ్ళుగా ఆమె కవర్ అదే.

దారపు రీళ్ళ డబ్బా మీద కూర్చున్న కృపాకర్ తలెత్తాడు. బోర్డు లేని ఒక విభాగానికి ఆయన చీఫ్.

"ఉక్కాసురుడు మళ్ళీ దిగుతున్నాడు. ఈరోజు సాయంత్రం నాలుగింటికి. చార్మినార్ దగ్గర."

"ఉక్కాసురుడు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు కదా సార్," అంది భాగ్యశ్రీ. "మనమే పెట్టించాం."

"వీడు వాణ్ణి చూసి దిగిన కాపీక్యాట్."

ఉక్కాసురుడు ఒకప్పటి పిల్లల బొమ్మల పుస్తకంలో విలన్. నల్ల ముసుగు, ఇనుప చేతులు, లారీని అరచేత్తో ఆపేసే బలం. పోయినేడు అదే వేషంతో వీధిలోకి వచ్చాడు. బలం మాత్రం బొమ్మల్లోది కాదు. హమాలీల నడుములు విరగకూడదని డాక్టర్ విమలాదేవి అనే శాస్త్రవేత్త తయారుచేసిన మోటార్ల జాకెట్‌ది. దాన్ని హార్బర్-నైన్ అనే విదేశీ ఆయుధ దళారీ ముఠా ల్యాబ్ నుంచి కొట్టేసింది. ఊళ్ళో దాన్ని తొడిగి చూపిస్తే, ఆ వీడియోలే బయటి దేశాల్లో వాళ్ళకు అమ్మకపు ప్రకటనలు. నాలుగుసార్లు చూపించారు. నాలుగోసారి, ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు, గోడౌన్ షట్టర్ పెకలించినప్పుడు దాని కింద పడి గుండయ్య అనే వాచ్‌మన్ చనిపోయాడు.

ఆ తర్వాత దబీర్‌పురా హమాలీ ఇస్సాకు దొరికాడు. నాలుగు కేసులూ అతని మీదే పడ్డాయి.

"సార్, చిన్నప్పుడు ఆ పుస్తకాలు మస్తు చదివిన," అన్నాడు మొహియుద్దీన్ తలుపు సందులోంచి. "ఉక్కాసురుడు ఒక్కడు కాదు. ఒకడు పోతే ఇంకొకడు ముసుగు తొడుక్కుంటడు. గందుకే ఎన్నడూ చావడు."

"భాయ్, ఇది బొమ్మల పుస్తకం కాదు. నువ్వు షాపు చూసుకో," అన్నాడు కృపాకర్.

ఆ ఈస్టర్ నాడు ఒంటిగంటకు ఇస్సాకు ఎక్కడున్నాడో అందరికన్నా భాగ్యశ్రీకే బాగా తెలుసు. తన ఎదుటే ఉన్నాడు. నిఘా కోసం ఆ గల్లీలో గది అద్దెకు తీసుకున్న ఆమెను పండగ భోజనానికి పిలిచి, చేతులు కడిగించి, కోడి పలావ్ వడ్డించాడు. ఆ సంగతి కృపాకర్‌కి చెప్పింది కూడా. "నిఘా పెట్టిన ఇంట్లో ఏజెంట్ భోంచేయడం రూల్ ప్రకారం తప్పు. కోర్టులో చెబితే కవర్ పోతుంది. ఆ పూట కాలమ్ ఖాళీగా వదిలెయ్," అన్నాడాయన. వదిలేసింది. నెల తిరక్కుండా ప్రమోషన్ వచ్చింది. అప్పటినుంచి పలావ్ వాసన తగిలితే ఆమెకు ముద్ద దిగదు. వచ్చే నెల తీర్పు.

"వింటున్నావా?" అన్నాడు కృపాకర్. "స్రవ్య మన సోర్స్. కోడ్ నేమ్ ముత్యం. జాకెట్ లోపల తొడుక్కునే బనీను ఆల్టరేషన్ కోసం ఆమె బొటిక్‌కి వచ్చింది. మూడింటికి ముఠావాళ్ళు తీసుకెళతారు. ఆపకు. చూసి రా. టేపులో ట్రాన్స్‌మిటర్, గుండీలో కెమెరా." ఆయన గొంతు తగ్గించాడు. "మనం చార్మినార్ దగ్గర హడావిడి చేస్తుంటే, విమలాదేవి గారు జాకెట్‌కి కొత్తగా చేసిన పవర్ కోర్ బ్యాటరీ‌ని టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని లోకల్ రైల్లో తరలిస్తారు. ఇది ముగ్గురికే తెలుసు. నాకు, ఆవిడకి, ముత్యానికి."

"ముత్యానికి ఎందుకు సార్?"

"ట్రస్టెడ్ సోర్స్," అన్నాడు కృపాకర్, చిన్నబుచ్చుకుని.

*

స్రవ్య నవ్వితే షోరూమ్‌లో లైట్లు అక్కర్లేదని కస్టమర్లు అంటారు. ఆమె భాగ్యశ్రీని ఎగాదిగా చూసింది.

"అచ్చం టైలరమ్మలాగే ఉన్నారు మేడమ్. సూపర్ డిస్‌గైజ్."

"డిస్‌గైజ్ కాదమ్మా. ఉన్నదే ఇంత."

స్రవ్య పొడుగు చేతుల నల్ల బనీను బల్ల మీద పడేసి, ఫోన్ మోగితే పక్క గదిలోకి వెళ్ళింది. గుడ్డముక్క ఏం చెబుతుందిలే అనుకుంది కాబోలు.

భాగ్యశ్రీ బనీనును తిరగేసింది. కుట్టు విప్పినా సూది పొడిచిన చోటు గుడ్డ మరిచిపోదు. పక్కకుట్టు, భుజం కుట్టు వెంబడి పాత సూదిరంధ్రాల వరసలు లెక్కపెట్టింది. నాలుగు. ఒకటి బానపొట్టది. ఒకటి సన్నటిది. ఒకటి మూటలు మోసి ఒక భుజం కుంగిన మనిషిది. ఆ భుజం ఇస్సాకుది. నాలుగోది ఆరడుగుల మనిషిది. నలుగురు మనుషులు! ఇస్సాకు అందులో ఒక్కడు, ఒక్కసారి. "సినిమా షూటింగన్నరు సార్, కారెత్తమన్నరు, ఎత్తిన," అని అతను పోలీస్ స్టేషన్లో మొత్తుకున్నది నిజమే. దాన్ని అబద్ధమని రిపోర్టులో రాసింది తనే.

ఎడమ పక్క కుట్టులోంచి సన్నటి వైరు పోతోంది. దాని పక్కన కొత్త కుట్టు, ఐదోది. ఛాతీ దగ్గర మడతలు పెట్టి టక్స్ పట్టారు. ఆడమనిషి.

టేపు పెట్టింది. ఛాతీ ముప్పైనాలుగు. భుజం పదమూడున్నర. ఎడమ చెయ్యి కుడికన్నా ముప్పావు అంగుళం పొట్టి.

చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ చెయ్యి అది. "అక్కా, నీ లెక్క నా చేతిని ఎవ్వలూ అర్థం చేసుకోలేదు," అంటూ ఆ చేతికి తన దగ్గర ఐదు బ్లౌజులు కుట్టించుకుంది బేబీ. ఇస్సాకు భార్య.

మూడింటికి ఇద్దరు వచ్చి బనీను పట్టుకెళ్ళారు. స్రవ్య వాళ్ళ వెనకే, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కారెక్కింది. భాగ్యశ్రీ టేపు నోటి దగ్గర పెట్టుకుంది.

"సార్, ఉక్కాసురుడు ఒక్కడు కాదు. ఈసారి ఇస్సాకు భార్య. ముత్యం రెండు వైపులా ఆడుతోంది."

"ఆధారం?"

"బ్లౌజు కొలతలు."

"భాగ్యశ్రీ! బ్లౌజు కొలత చూసి రెండువందల మంది ఫోర్స్‌ని కదిలించమంటావా? ఓవర్."

*

దబీర్‌పురా గల్లీ అలాగే ఉంది. ఇస్సాకు తల్లి చంద్రమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏంది బిడ్డా! గిన్ని దినాలకు యాదికొచ్చినమా?" ముసలామె ముఖమంతా వెలిగింది. "లోపలికి రా. రెండు ముద్దలు తిను. ఎండిపోయినవేంది గట్ల?"

"బేబీ ఏది పెద్దమ్మా?"

"ఎవ్వలకు చెప్పొద్దన్నది. గని నువ్వు పరాయిదానివా?" చంద్రమ్మ గొంతు తగ్గించింది. "గీడనే రైలు టేషన్ కాడ షూటింగు. గా ముసుగేసుకొని పదిమందికి కనబడితె, ఇస్సాకు జైల్ల ఉండంగనే ఉక్కాసురుడు బయట తిరుగుతున్నడని జడ్జికి తెలుస్తదంట. నా కొడుకును ఇడిచిపెడ్తరంట. కండ్లద్దాల మేడం చెప్పింది. ఎవ్వడో పాపపోడు నా కొడుకు మీద రాసిండు బిడ్డా. ఆని చేతులు పడిపోను!"

భాగ్యశ్రీ తన చేతులు కొంగు కింద దాచుకుంది. స్టేషన్. లోకల్ రైలు. టిఫిన్ క్యారియర్.

"మళ్ళొస్త పెద్దమ్మా," అని పరుగెత్తింది. వెనక నుంచి "తిని పోరాదు!" అన్న కేక వినబడుతూనే ఉంది.

గల్లీ చివర మొహియుద్దీన్ స్కూటర్ మీద తయారుగా ఉన్నాడు. "టేపుల నీ మాట ఇన్న బెహెన్. సార్ నమ్మకపోతే పాయె. నేను పుస్తకం చదివినోణ్ణి."

*

నాలుగూ పది. ప్లాట్‌ఫారం మీద జనం ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. మధ్యలో నల్ల ముసుగు, ఇనుప చేతులతో ఉక్కాసురుడు. "షూటింగ్ రా, జరగుర్రి!" అని ఎవరో అరుస్తున్నారు. వంతెన మెట్ల మీద స్రవ్య, చేతిలో టాబ్. పక్కన కెమెరా పట్టుకున్నవాడు ఒక్కడే.

రైలు ఆగింది. జుట్టు నెరిసిన విమలాదేవి టిఫిన్ క్యారియర్‌తో దిగింది. ఉక్కాసురుడు అటు కదిలాడు. సిమెంటు బెంచీ అడ్డొస్తే మోకాలితో నెట్టేశాడు. బెంచీ రెండు ముక్కలైంది. జనం చప్పట్లు కొట్టారు.

"బేబీ!"

ముసుగు తిరిగింది. "అక్కా? నువ్వేంది గిక్కడ? పక్కకు జరుగు. డబ్బా గుంజుకునుడే నా ఆక్టింగు. గంతే."

"ఆవిడ ఆక్టర్ కాదు. అది దొంగతనం. ఇస్సాకును గిట్లనే ముంచిన్రు. ముసుగు తియ్యి బేబీ."

"తియ్య. నా మొగడు బయటికి రావాలె. నీకేం తెలుసు నా బాధ?"

"నాకే తెలుసు." భాగ్యశ్రీ ముసుగుకేసి ఇంకో అడుగు వేసింది. "ఇస్సాకును పట్టిచ్చింది నేనే. షూటింగు ముచ్చట నువ్వు నాకు చెప్పినవు. నేను పైకి రాసిన. నేను పోలీసుదాన్ని బేబీ. ఈస్టర్ నాడు మీ ఇంట్ల నాకు వడ్డిచ్చుకుంట ఉన్నడని తెలిసి కూడ రాయలేదు."

ఇనుప చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ముసుగులోంచి ఊపిరి మాత్రం వినబడింది.

మెట్ల మీద స్రవ్య టాబ్ మీద వేలు జరిపింది.

ఇనుప చెయ్యి ఒక్క ఊపున ముందుకొచ్చి భాగ్యశ్రీ గొంతు పట్టుకుంది. కాళ్ళు నేల వదిలాయి.

"అక్కా, నేను కాదు!" బేబీ కేక పెట్టింది. "చెయ్యి నా మాట ఇంటలేదు! నేను కాదక్కా!"

రిమోట్! గుండయ్యను చంపింది కూడా ముసుగులోని మనిషి కాదన్నమాట. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. రెండో చెయ్యి విమలాదేవి చేతిలోని క్యారియర్ హ్యాండిల్‌ను అందుకుంది. కుట్లు విప్పే చిన్న కత్తి కోసం భాగ్యశ్రీ సంచీలో తడిమింది. దొరికింది. ఇనుప పట్టీల సందులోంచి బేబీ ఎడమ పక్కకు చెయ్యి దూర్చింది. చూడాల్సిన పని లేదు. చంక నుంచి ఆరు అంగుళాల కింద. ఒక కుట్టు. రెండు. మూడు. వైరు తగిలింది. లాగింది.

మోటార్లు ఈలవేసి ఆగిపోయాయి. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మీద ఒకరు కూలబడ్డారు. క్యారియర్ హ్యాండిల్ వంగింది కానీ డబ్బా విమలాదేవి ఒడిలోనే ఉంది.

మెట్ల పైనుంచి మొహియుద్దీన్ గొంతు వినబడింది: "మేడం, జర ఠహర్నా, ఆగుండ్రి. ఆరు మీటర్ల లేసు తెచ్చిన, చేతులకు కొలత చూడాలె." స్రవ్య నల్లకళ్ళద్దాలు మెట్ల మీద దొర్లుకుంటూ కిందికొచ్చాయి.

బేబీ ముసుగు తీసింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. భాగ్యశ్రీని కొట్టలేదు, తిట్టలేదు. లేచి, ఆమె వంక చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. కొట్టి ఉంటే బాగుండేదని భాగ్యశ్రీకి చాలాకాలం అనిపించింది.

*

"ఎక్స్‌లెంట్," అన్నాడు కృపాకర్ మర్నాడు. "టాబ్‌లో రిమోట్ నడిపిన లాగ్స్ దొరికాయి. హార్బర్-నైన్ ఖతం. బేబీని సాక్షిగానే చూపిస్తాం. కానీ కోర్టులో నువ్వెక్కడా ఉండవు. పదేళ్ళ కవర్."

"లాగ్స్‌లో ఈస్టర్ రోజు ముసుగులో ఎవరున్నారో ఉందా సార్?"

ఆయన అడ్డంగా తలూపాడు.

"ఆ పూట ఇస్సాకు ఎక్కడున్నాడో, ఇంటివాళ్ళు కాక, చెప్పగలిగింది నేనొక్కదాన్నే," అని భాగ్యశ్రీ ఐడీ కార్డు దారపు రీళ్ళ మధ్య పెట్టేసి వచ్చింది.

పన్నెండు రోజుల తర్వాత బోనెక్కింది. అసలు పేరు, అసలు ఉద్యోగం చెప్పింది. ఈస్టర్ మధ్యాహ్నం సంగతి చెప్పింది. ఇస్సాకు కింద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ప్రాసిక్యూటర్ లేచాడు. "మీ రిపోర్టులో ఆ పూట ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలింది మీరే. వాళ్ళింట్లో తిని వాళ్ళ మీదే రాశారు. అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు. అలాంటి మనిషి మాట కోర్టు ఎందుకు నమ్మాలి?"

పదేళ్ళ ట్రైనింగ్‌లో దానికి జవాబు ఎవరూ నేర్పలేదు. భాగ్యశ్రీ తల దించుకుంది.

వెనక బెంచీలోంచి బేబీ లేచి నిలబడింది. కూర్చోమన్న బంట్రోతును పట్టించుకోలేదు. భాగ్యశ్రీ వైపు అప్పుడు కూడా చూడలేదు.

"సార్, ఆమె అబద్ధాలు మస్తు చెప్తది. ఏ ముచ్చట నమ్మకున్నా మంచిదే. గని గా దినం మా ఇంట్ల నా మొగనితోని పలావ్ మూడుసార్లు పెట్టిచ్చుకున్నది. మా అత్తకు మిగల్లేదు. గదొక్కటి నిజం."

జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని, మూడుసార్లు అన్నది కూడా రాసుకొమ్మని స్టెనోకి చెప్పారు.